నేల కొనకు సద్ది మూట

సౌదీ అంటే మా ఊరోళ్లకు తెలిసింది ఎండ, ఒంటె. నేను అక్కడ ముప్పై ఏండ్లకు దగ్గరదాక టైల్స్ మేస్త్రీగా పని చేసిన. నాకు కూడా అంతకంటే ఎక్కువ తెలియదు. క్యాంపు నుంచి సైటు, సైటు నుంచి క్యాంపు, శుక్రవారం వస్తే జిద్దాలో షరఫియా బజారు. అక్కడ మన కూరగాయలు కొనుక్కొని, ఇంటికి పైసలు పంపి, తెలిసినోళ్లతోని నాలుగు మాటలు మాట్లాడి మళ్లా బస్సెక్కుడు. అదే నా సౌదీ.

అదే దేశంలో సముద్రంలోకి పొడుచుకుపోయిన ఒక కొన ఉన్నదని, చలికాలం అక్కడి గాలికి మనిషి నిలబడలేడని, పోయే దారిలో మంచి చేపల అన్నం దొరుకుతదని ఇంటికి తిరిగొచ్చే ముందట తెలిసింది. పోనోళ్ల కోసం రాస్తున్న. నేను యాభై దాటినంక క్యాంపులో అక్షరాలు నేర్చుకున్నోన్ని. ఎక్కడన్న వంకర ఉంటే సర్దుకొని చదువుకోండ్రి.

ముందుగాల ఎందుకు పోయిన్నో చెప్పాలె. చూసొద్దామని సరదాకు పోలేదు.

మా చెల్లె లచ్చవ్వ పెనిమిటి లింగన్న, నాకు బావ. ఆ కొన మీద ఒక కాంట్రాక్టరు దగ్గర కాపలా పని చేసేటోడు. ఒక చిన్న జెట్టీ, ఓడలకు కనబడే దీపపు స్తంభం, ఒక డీజిల్ మోటరు. వాటిని చూసుకుంట డబ్బా గదిలో ఏండ్లకేండ్లు ఉన్నడు. నిరుడు నిద్రలోనే గుండె ఆగి పోయిండు. కాగితాలన్ని అయినంక శవం పెట్టెలో ఇంటికి చేరింది.

మా దిక్కు మట్టి అయిన మూడోనాడు పిట్టకు పెడుతరు. పోయినోళ్లకు ఏది ఇష్టమో అది వండి, ఇస్తారిలో పెట్టి, దూరం జరిగి నిలబడుతం. కాకో, ఇంకేదన్న పిట్టో వచ్చి ముడితే పోయినోనికి తృప్తి అయినట్టు. ముట్టకపోతే ఏదో కొరత ఉన్నట్టు, లేదంటే ఇంట్ల ఎవరి మీదనో కోపం ఉన్నట్టు. అప్పుడు ఇంటోళ్లు ఒక్కొక్కలు ముందుకొచ్చి మాట ఇస్తరు. బిడ్డ పెండ్లి మేం చేస్తం, అప్పు మేం తీరుస్తం అని.

లింగన్నకు పెట్టిననాడు ఒక్క పిట్ట దిగలేదు. కాకులు లేక కాదు. కరెంటు తీగల మీద వరుసగా కూర్చొని చూసుకుంట ఉన్నయట. కొడుకు మాట ఇచ్చిండు, బిడ్డ మాట ఇచ్చింది. ఆఖరుకు మా చెల్లె కొంగు పరిచి మొక్కింది. అయినా దిగలేదు. పొద్దు గూకుతుందని పెద్దమనుషులు ఆ అన్నం ఆవుకు పెట్టి అయిందనిపించిండ్రు.

లచ్చవ్వకు మాత్రం కాలేదు. బావ పోయేదానికి కొన్నాళ్ల ముందట ఆమె ఫోన్‌లో బాగ తిట్టింది. సెలవు మీద వస్త వస్త అని వాయిదాలు వేస్తున్నడని. "రానోనివి అక్కడనే ఉండు" అని పెట్టేసింది. అదే ఆఖరు మాట. ఇగ ఆమెకు ఒకటే పట్టుకున్నది: నా మీద కోపంతోనే పోయిండు. ఏడాది మాసికం దగ్గరికొచ్చింది. చేయను అన్నది.

"అన్నా, ఆయన ప్రాణం పోయిన కాడికి పో. అక్కడ పెట్టు. పిట్ట ముడితే మాసికం చేస్త. ముట్టకపోతే నన్నెవ్వలు అడగొద్దు."

నాకు పిట్టల మీద అంత నమ్మకం లేదు. చెల్లె మొండితనం మీద ఉన్నది. ఆమె అన్నదంటే అన్నదే. నాకు అప్పటికే ఫైనల్ ఎగ్జిట్ పడ్డది, టికెట్టు కూడా తీసిన. ఇప్పుడు పోకపోతే మళ్ల ఈ దేశంలో అడుగు పెట్టేది లేదు. పోవాలె అనుకున్న.

షరఫియాలో అరిటాకు

నన్ను తీసుకపోయింది మస్తాన్. కడప దిక్కు మనిషి. షరఫియాలో ఒక పెద్ద దుకాణానికి చిన్న లారీ నడుపుతడు. బియ్యం, మసాలాలు, పచ్చళ్లు సముద్రం ఒడ్డు పట్టుకొని ఉన్న ఊర్లకు చేరేస్తడు. అల్ వజ్ అనే ఊరు ఆఖరు. ఆడికెళ్లి కొనకు ఇసుక దారి.

"అల్ వజ్ దాకా రా మామా, నీ ఇష్టం. ఆ పైన నేను రాను. నా కఫీల్‌కు, అదే నన్ను పెట్టుకున్న సేటుకు తెలిస్తే ఇకామా రద్దు చేసి పొమ్మంటాడు" అన్నడు.

"నువ్వు రాకున్నా నేను నడుచుకుంట పోత."

"నడుస్తావా? ఆడ యేముండాదో తెల్సా? రాళ్లు, గాలి. అది సౌదీ కాదు మామా, ఉత్తర ధ్రువం!"

"ధ్రువమైతే రగ్గు తెచ్చుకుంట."

వాడు నవ్విండు. రాడా వస్తడా ఇంకా తేలలేదు గాని లారీలో చోటు దొరికింది.

ఇస్తారి కావాలె. మోదుగాకులు ఎక్కడ దొరుకుతయి? మలబారోళ్ల దుకాణంలో అరిటాకులు ఉన్నయి. కేరళ నుంచి విమానంలో వస్తయట. మా ఊర్ల పెరట్లో కోసుకునే ఆకుకు ఇక్కడ మూడు రియాళ్లు. ఆకు కూడా మనలెక్కనే విమానం దిగి ధర పెంచుకున్నదని మస్తాన్ అన్నడు. రెండు తీసుకున్న. సర్వపిండికి బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు తీసుకున్న. లింగన్నకు మటన్ కూర, సర్వపిండి, కల్లు ప్రాణం. కల్లు మాట ఎత్తితేనే మస్తాన్ చెవులు మూసుకున్నడు.

"నన్ను లోపలేపిస్తావా మామా? ఆగు, నేను చూస్తా."

పోయి ఆపిల్ వాసన కొట్టే బార్లీ సోడా డబ్బా ఒకటి తెచ్చిండు. మత్తు లేనిది, ఇక్కడ పిల్లలు కూడా తాగుతరు. "నురగ వస్తాది. పైనోళ్లకు యాడ తెలుస్తాది?" అన్నడు. పైనోళ్ల సంగతి నాకు తెలియదు, లింగన్నకు మాత్రం వాసనకే తెలిసిపోతది అనుకున్న.

యాన్బు దారిలో

ఎడమ పక్క సముద్రం కనబడుకుంట, మాయమైకుంట వస్తది. కుడి పక్క ఎండిన గుట్టలు. మధ్యల రోడ్డు పక్కన నిప్పుల మీద చాయ్ కాచే గుడారాలు ఉంటయి. రెండు రియాళ్లకు ఒక కప్పు. కట్టె పొగ వాసన చాయ్‌లోకి దిగి ఉంటది. మా దిక్కు పొగచూరిన చాయ్ ఇస్తే మొఖాన కొడుతరు. ఇక్కడ దాని కోసమే కార్లు ఆపుతరు. తాగినంక వాళ్లదే నిజమనిపించింది.

పొద్దున తమీస్ తిన్నం. మన రొట్టెకు పెద్దన్న, ఒక మనిషి ఛాతి అంత ఉంటది. బావి లెక్క ఉన్న పొయ్యి గోడకు అతికించి కాలుస్తరు. దాంతోని పెద్ద చిక్కుడు గింజల పప్పు ముద్ద, పైన నూనె. పప్పు మెత్తగ, కమ్మగ ఉన్నది. కారం లేదు. నా జేబులో ఎప్పుడూ కారప్పొడి పొట్లం ఉంటది, చల్లుకున్న. అఫ్గాన్ రొట్టెల ఆయన నా చెయ్యి చూసి, తనకింత అని చెయ్యి చాపిండు. ఇచ్చిన. దగ్గుకుంటనే పొట్లం మొత్తం దగ్గర పెట్టుకున్నడు. మళ్ల అడుగుడు నాకు బాగనిపియ్యలేదు.

యాన్బు ఊరు దాటినంక ఒక ఖబ్రస్తాన్ పక్క నుంచి పోయినం. గోరీల మీద పేర్లు లేవు. తలకాడ ఒక రాయి, కాళ్లకాడ ఒక రాయి.

"ఈడ ఎంత పెద్దోడైనా ఇంతే మామా. పేరు రాయరు. మూడు దినాలు దుఃఖం, ఆపైన ఎవరి పనికి వాళ్లు" అన్నడు మస్తాన్.

"మీ దగ్గర కూడా ఇట్లనేనా?"

"మా కడపలోనా? నలభయ్యో దినం ఫాతెహా చదివిస్తాం. పోయినోళ్లకు యేం ఇష్టమో అన్నీ వండి పెడతాం. మా నాయనకు బీడీ కట్ట పెట్టినాం. మా అమ్మ అగ్గిపెట్టె మర్చిపోయిందని మా మేనత్త ఎంత గలాటా చేసిందనుకున్నావ్! అగ్గిపెట్టె లేకుండా బీడీ ఎట్టా తాగుతాడు అని."

కొంత దూరం పోయినంక స్టీరింగ్ మీద చెయ్యితోని కొట్టి అన్నడు: "వస్తాలే మామా. ఆ కొన దాకా."

ఆయన మేనత్తకు దండం పెట్టుకున్న.

ఉమ్లజ్‌లో చేపల అన్నం

ఈ ఒడ్డు మొత్తానికి ఒక తిండి ఉన్నది, సయ్యాదియా అంటరు. ఉల్లిగడ్డలు నల్లగ మాడేదాక వేయించి, ఆ రంగు అన్నానికి పట్టిచ్చి, పైన వేయించిన చేప పెడుతరు. నువ్వే చేపను చూపియ్యాలె. దుకాణం ముందట ఐసు మీద పరిచి ఉంటయి. ఎర్రటియి, నీలం మచ్చలయి, చిలుక ముక్కుయి. నేను పుట్టి బుద్ధెరిగి చెరువు చేపలే చూసిన. ఆ నీలం చేప నా దిక్కు చూస్తుంటే తినబుద్ధి కాలేదు. ఎర్రది చూపిచ్చిన.

మా ఇంట్ల చేపలు తక్కువ. లింగన్న అయితే ఆ వాసన వస్తేనే లేచి అరుగు మీదికి పోయేటోడు. చిన్నప్పుడు ముల్లు గొంతుకు అడ్డం పడ్డదట. అందుకే లచ్చవ్వ కాపురం చేసినన్నాళ్లు ఇంట్ల చేప వండలేదు. తనకు ఇష్టమే గాని మానేసింది. ఆ ముచ్చట మస్తాన్‌కు చెప్పిన.

"మరి సముద్రం మధ్యలో అన్నేండ్లు యేం తిన్నాడు మామా ఆయన?"

"గుడ్లు, పప్పు తినుంటడు" అన్న. ఆ మాటను అక్కడనే వదిలేసిన. వదిలెయ్యకపోతే బాగుండు.

అల్ వజ్‌లో ఉప్పు చూసిన మనిషి

అల్ వజ్ చేరేసరికి గాలి మొదలైంది. ఉత్తరం నుంచి వస్తది. మన పుష్యమాసం చలి మెత్తటిది, దుప్పటి కప్పుకుంటే పోతది. ఇది చెంపల మీద కొట్టే చలి. మస్తాన్ సరుకు దించే హోటలు ఒక మలయాళీది. పెద్ద మీసాల మనిషి, అందరు చేటా, అంటే అన్న, అంటరు. వంటకు పొయ్యి అడిగితే ఇచ్చిండు, పొద్దుగాల ఒక గంటసేపు.

వండేటోడు తలస్నానం చెయ్యాలె. వాళ్ల బాత్రూంలో గీజర్ పాడైంది. ఆ చల్లనీళ్లు నెత్తి మీద పడగానే నాకు లింగన్న మీద, లచ్చవ్వ మీద, వాళ్ల పెండ్లి కుదిర్చిన మా నాయన మీద కూడా కోపమొచ్చింది. అయినా పోసుకున్న.

మటన్ ఉడుకుతుంటే వాసనకు చేటా వచ్చిండు. మూత తీసిండు. నేను పిండి పిసుకుతున్న, చెయ్యి ఖాళీ లేదు. గరిటె ముంచి, అరచేతిలో వేసుకొని నాకిండు.

"ఉప్పు కొంచెం" అన్నడు.

"ఏయ్!" అని ఎంత గట్టిగ అరిచిన్నో, బయట పరోటా కొట్టేటాయన పరిగెత్తుకొచ్చిండు. పిట్టకు పెట్టేది ఎవ్వలు ముట్టొద్దు, ఉప్పు కూడా చూడొద్దు. ఎంగిలి అయింది. మస్తాన్ అరబ్బీ, మలయాళం, చేతులు కలిపి సంగతి చెప్పిండు. చేటా మొఖం వాడిపోయింది. రెండు చెవులు పట్టుకున్నడు. వాళ్ల దగ్గర కూడా పోయినోళ్లకు బలి అని పిండం పెడుతరట, చేతులు చరిచి కాకిని పిలుస్తరట. "మా నాయనకు పెట్టేది ఎవరన్న ఇట్ల చేస్తే నేనైతే కొట్టేవాన్ని" అన్నడు.

ఇంకో కిలో మటన్ తనే తెప్పిచ్చి, మళ్ల వండేదాక తలుపుకాడ కాపలా నిలబడ్డడు. మొదటి కూర హోటల్ పనోళ్లు పరోటాలతోని తినేసిండ్రు. ఉప్పు తక్కువేనట. రెండోదాంట్ల ఎంత పడ్డదో అప్పుడు నాకు తెలియదు.

తీర కాపలా చెక్‌పోస్టు

కొన పేరు నేను రాయను. ఇంకా అక్కడ మనోళ్లు పని చేస్తున్నరు. అరబ్బులు రాస్ అంటరు, రాస్ అంటే తల. రోడ్డు దిగి ఇసుక దారి పట్టినంక తీర కాపలా పోలీసుల గది ఉన్నది. మస్తాన్ లారీ మెల్లగ చేసిండు.

చిన్న వయసు సిపాయి. థర్మాకోల్ డబ్బా తెరవమన్నడు. కూర, సర్వపిండి, అరిటాకు, సోడా డబ్బా. ఎవరికి అని అడిగిండు.

"తుయూర్" అన్నడు మస్తాన్. పిట్టలకు.

సిపాయి మమ్మల్ని ఎగాదిగా చూసిండు. మటన్ తినే పిట్టలా అని అడిగినట్టున్నడు. మస్తాన్ ఉన్నదున్నట్టు చెప్పిండు. ఈ ముసలాయన బావ అక్కడ చనిపోయిండు, చెల్లె పంపింది, పిట్టలకు పెడితే ఆమె మనసు నెమ్మది అయితది. నేను నేల దిక్కు చూసుకుంట నిలబడ్డ. ఇక్కడ వాళ్ల పద్ధతి వేరు. కాదంటే వెనక్కు పోవుడే.

సిపాయి డబ్బా మూత పెట్టిండు. తన నాయనమ్మ కూడా పోయినోళ్ల పేరు మీద మిద్దె మీద గింజలు చల్లుతదని, దాన్ని సదఖా అంటరని చెప్పిండు. మా ఇకామాలు, అంటే ఈ దేశంలో ఉండేందుకు ఇచ్చిన కార్డులు, తీసి పెట్టుకొని, పొద్దుగూకే మగ్రిబ్ బాంగు లోపల తిరిగి రమ్మన్నడు. రాళ్ల మీద పెద్ద గద్ద గూడున్నది, దాని దగ్గరికి పోవద్దన్నడు. మేం పోయే ముందట చిన్న గిన్నెలో గావా, అంటే అరబ్బుల కాఫీ, పోసి, ఖర్జూరాలు పెట్టిండు. ఆ గావా చేదుగ ఉంటది, యాలకుల వాసన. చలికి అమృతం లెక్క అనిపించింది.

కొన

నేల సన్నగైకుంట పోతది. రెండు పక్కల సముద్రమే. ఒక పక్క పచ్చగ, మెదలకుండ ఉన్నది. ఇంకో పక్క నల్లగ లేచి లేచి రాళ్లను కొడుతున్నది. లారీ పోయేంతవరకు పోయి దిగినం. తలుపు తెరవాలంటే ఇద్దరం తొయ్యాల్సొచ్చింది. నా తలపాగ ఎగిరిపోయింది, మళ్ల కనబడలేదు. చెట్టు లేదు, గడ్డి లేదు. ఆఖరుకు దీపపు స్తంభం, దాని కింద డబ్బా గది. ఆ తర్వాత నేల అయిపోయింది.

బావ ఇక్కడ ఉన్నడా అనుకున్న. ఊర్ల ఉన్నప్పుడు పది మంది లేనిదే బువ్వ తినని మనిషి.

గదికి తాళం వేసి ఉన్నది. ఇప్పుడున్న కాపలాయన పడవ మీద పోయినట్టున్నడు. జెట్టీ పక్కన చదునైన రాయి చూసి అరిటాకు పరిచి వడ్డించిన. వెనక్కు తిరిగేలోపల గాలి ఆకును లేపింది. సర్వపిండి నిలువుగ లేచి బండి చక్రం లెక్క దొర్లుకుంట పోతుంటే మస్తాన్ దాని వెనక ఉరికిండు. అది ముందుగాల సముద్రం చేరింది.

"పోయింది మామా! మీ బావ నేరుగా తీసేసుకున్నాడు!"

"నోరు మూసుకో" అన్న గాని నాకు కూడా నవ్వొచ్చింది.

రెండో ఆకుకు నాలుగు మూలల రాళ్లు పెట్టి మిగిలింది వడ్డించిన. గ్లాసులో సోడా పోసిన. నురగ గాలికి నా మొఖం మీదనే పడ్డది. ఇద్దరం గది గోడ చాటుకు జరిగి కూర్చున్నం.

పిట్టలు ఉన్నయి. కాకులు కాదు, తెల్ల రొమ్ము, నల్ల తల ఉన్న సముద్రపు పిట్టలు. జెట్టీ కట్టెల మీద గాలికి ఎదురు మొఖం పెట్టి కూర్చున్నయి. మా ఆకు దిక్కు ఒక్కసారి చూసి తల తిప్పుకున్నయి. మా ఊర్ల తీగల మీది కాకులు ఇట్లనే చూసినయట.

ముందుకు పోయి నిలబడ్డ. "బావా, లచ్చవ్వను నేను చూసుకుంట. ఇగ ఊర్లనే ఉంట" అన్న. కదలలేదు. "నీ కొడుకు పనిలో కుదిరిండు." కదలలేదు. మస్తాన్ వచ్చి నా పక్కన నిలబడి చేతులెత్తి తనకొచ్చిన దువా చదివిండు. కదలలేదు. ఇగ నాకు తిక్క లేచింది.

"ఏందయ్యా నీ బాధ? ఇంత దూరం మోసుకొస్తి. రెండుసార్లు వండితి. చల్లనీళ్లు పోసుకుంటి. అక్కడ నా చెల్లె ఏడాది నుంచి సగం బువ్వ తింటున్నది. ఆమె మీద అంత కోపమైతే వచ్చి నా మొఖాన చెప్పు!"

అప్పుడే పడవ మోటరు చప్పుడైంది.

రఫీక్ చెప్పిన సంగతి

రఫీక్ బంగ్లాదేశ్ మనిషి. నడీడు దాటింది. బావతోని ఇక్కడే పని చేసిండు, ఇప్పుడు ఆయన గదిలోనే ఉంటున్నడు. నేనెవరో చెప్పగానే వల కింద పడేసి, తడి బట్టలతోనే నన్ను అలుముకున్నడు. హిందీలో మాట్లాడుకున్నం. బావను దాదా, అంటే అన్న, అని పిలిచేటోడట.

"దాదా బావమరిదివా? చీకటి పడకముందే వచ్చినవు, మంచిది" అన్నడు. ఆకు చూసిండు. "ఇది ఎవరికి?"

"నీ దాదాకే."

"దాదా ఇది ఎట్ల తింటడు? పండ్లు లేవు కద!"

నాకు తెలియలేదు. ఆయన తన నోరు తెరిచి వేలుతోని చూపిచ్చిండు. ముందటి పండ్లు, దవడ పండ్లు ఒకటి తర్వాత ఒకటి ఊడిపోయినయట. మాంసం బందు. గట్టియి ఏవీ నమలలేడు. ఇక్కడ మెత్తగ దొరికేది చేప ఒక్కటే. మొదట ముక్కు మూసుకొని తిన్నడట. తర్వాత చేప లేనిదే ముద్ద దిగేది కాదట. ముల్లంటే భయంతోని గంటసేపు ఏరుకుంట కూర్చునేటోడట. ఏరినయన్ని, తలకాయతో సహా, పిట్టలకు వేసేటోడు.

"ఇంట్ల చెప్పలేదు కద!" అన్న.

"సిగ్గు" అన్నడు రఫీక్. "వీడియో కాల్ వచ్చిందంటే మూతికి తువ్వాల చుట్టుకునేటోడు. చలి అని చెప్పేటోడు. ఎండాకాలం కూడా చలేనా అని బాబీ, మీ చెల్లె, తిట్టేది."

నాకు గుర్తొచ్చింది. నాతోని మాట్లాడినప్పుడు కూడా తువ్వాల ఉండేది. శవం ఇంటికొచ్చినంక కూడా బట్టతోని మూతి కట్టి ఉన్న మొఖమే అందరు చూసిండ్రట.

"సెలవు ఎందుకు వాయిదా వేసిండు?"

"పండ్ల సెట్టు చేయించుకుంటున్నడు. డాక్టర్ కొలతలు తీసిండు. అవి పెట్టుకొనే పోత అన్నడు."

అప్పుడు అడగాల్సింది అడిగిన. ఆ ఆఖరు ఫోను సంగతి. మా చెల్లె తిట్టిననాడు ఏమన్నడు అని.

రఫీక్ నవ్విండు. పెద్దగ నవ్విండు. "దాదా తిట్లప్పుడు స్పీకర్ పెట్టేటోడు. నాకు మీ భాష రాదు గాని ఆ గొంతు తెలుసు. సముద్రం కూడా ఆగి వింటుంది చూడు అనేటోడు. ఏ పొద్దన్న బాబీ మెల్లగ మాట్లాడితే, ఫోను పాడైందా, పెండ్లాం పాడైందా అని రోజంతా గునిసేటోడు. ఆ నాడు బాగ తిట్టింది. దాదా కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. పండ్లు వచ్చినా రాకున్నా ఇగ పోవాల్సిందే రఫీక్, ఆమె సంగతి నీకు తెలియదు అన్నడు."

మస్తాన్ మొఖం పక్కకు తిప్పుకున్నడు. గాలికి కండ్లు మండుతున్నయన్నడు.

రఫీక్ పడవలోంచి ఒక చేప తెచ్చి, ఇనుప జాలీ మీద కాల్చి, నిమ్మకాయ పిండిండు. మటన్ పక్కకు జరిపి ఆకు మీద అది పెట్టిన. ఆయన గదిలోంచి ఒక సొట్టల తపేలా మూత, గరిటె పట్టుకొచ్చిండు. బావ రోజూ కొట్టేదట. నా చేతికిచ్చిండు. కొట్టిన.

ఒకటేసారి లేచినయి. నేను మూత దించేలోపల నాలుగైదు ఆకు మీద వాలినయి. ఒకటి చేప నడుము పట్టుకొని జెట్టీ మీదికి ఎగిరింది. మిగిలినయి దాని వెంటపడ్డయి. మటన్ అట్లనే ఉన్నది.

నాకు తెలుసు. సముద్రపు పిట్ట చేప తినుడు వింత కాదు, మూత చప్పుడు కూడా దానికి అలవాటే. అయినా నేను ఆ రాళ్ల మీద కూర్చుండిపోయిన. మస్తాన్ ఫోన్‌లో వీడియో తీసిండు. గాలికి టవర్ పోయి ఆనాడు కొన మీద సిగ్నల్ లేదు. రఫీక్ మాటలు కూడా మళ్ల చెప్పిచ్చి తీసినం. మటన్ ముగ్గురం కూర్చొని తిన్నం. ఉప్పు ఎక్కువైంది.

బాంగు లోపల సిపాయి దగ్గరికి చేరినం. పిట్టలు తిన్నయా అని అడిగిండు. తిన్నయి అన్నం. ఇకామాలు ఇచ్చి మస్తాన్ భుజం మీద చరిచిండు. అల్ వజ్‌లో సిగ్నల్ రాగానే వీడియోలు ఇంటికి పంపిన. చాలాసేపటికి చెల్లె ఫోన్ చేసింది. పిట్ట సంగతి ఎత్తలేదు.

"ఆ బంగ్లా ఆయన ఏమంటున్నడు? స్పీకర్ పెట్టేటోడు అన్నడా?"

"అవు."

"ఇంకోపాలి చెప్పు."

చెప్పిన. మళ్ల చెప్పమన్నది. మళ్ల చెప్పిన. ఫోను పెట్టేసింది.

ఇల్లు

నేను ఊరు చేరినంక ఏడాది మాసికం చేసినం. మటన్ వద్దన్నది లచ్చవ్వ. బజారు నుంచి రవ్వ చేప తెప్పిచ్చి, ఆ ఇంట్ల మొదటిసారి చేపల పులుసు వండింది. వాసనకు పక్కింటోళ్లు తొంగి చూసిండ్రు. పొలం గట్టు మీద మోదుగాకుల ఇస్తారి పెట్టి, అన్నం, పులుసు, ముల్లు తీసిన ముక్కలు వడ్డించింది. ముల్లు ఆమే తీసింది, ఒక్కొక్కటి, వేలితోని తడుముకుంట.

అందరం దూరం జరిగినం. ఆమె జరగలేదు. ఇస్తారి ముందట నిలబడి కొంగు నడుముకు చెక్కుకున్నది.

"ఏందయ్యో! పండ్లు ఊడితే నేనేమన్న వెళ్లగొడుదునా? మా నాయనకు పండ్లు లేకున్నా మా అవ్వ మక్క గటుక మెత్తగ కాచి పొయ్యలేదా? తువ్వాల చుట్టుకున్నవా, తువ్వాల? ఎండాకాలం చలి పెడుతుందంటే నమ్మితి చూడు, నన్ను అనాలె. నీ కోసం ఇన్నేండ్లు చేప ముట్టకపోతి. నువ్వు అక్కడ కాల్చుకొని తింటివి. ఒక్క మాట చెప్పవైతివి! స్పీకర్ పెడుతవా? పరాయోళ్లకు వినిపిస్తవా నా తిట్లు? నువ్వు రా, చెప్త నీ సంగతి..."

పొలాల్లో నాట్లేసేటోళ్లు నడుము లేపి చూసిండ్రు. పెద్దమనుషులు ఆపబోతే నేనే వద్దన్న. ఏడాది తర్వాత ఆ గొంతు విన్నం. ఆమె ఊపిరి తీసుకునే దాక అందరం ఆమె మొఖమే చూసుకుంట నిలబడ్డం.

ఆపినంక ఇస్తారి దిక్కు చూస్తే, ముక్కలు సగం లేవు. కాకి ఎప్పుడు వచ్చి పోయిందో మేమెవ్వలం చూడలేదు.